కొండకెక్కు త్రాటిబాట



నాగోలునుండి ఉప్పలు మీదుగా వరంగల్లు దారిని పోయినవారు భువనగిరి యేకశిలాదుర్గమును చూచియే యుందురు. "మోకాళ్లలో బలమున్ననాడే ఎక్కవలసియుండెను" అని దానిని చూచి నిట్టూర్చిన వృద్ధు లెందఱో! ఇప్పు డా కొండకు రోప్‌వే, అనగా రజ్జుమార్గము, నిర్మింప దలపెట్టియున్నారు.

ఇది మనకు క్రొత్త గాదు. శ్రీశైలమున పాతాళగంగకును, విశాఖపట్టణమున కైలాసగిరికిని ఇట్టి మార్గములు నిర్మింపబడినవి. మంచుకొండలపై జారియాడు క్రీడకై అమెరికాలోని సన్ వ్యాలీయందు 1936లో తొలి కుర్చీల మార్గము వెలసినది. ఓడలలోనికి అరటిగెలల నెక్కించు యంత్రము నెఱిగిన జేమ్స్ కర్రన్ అను ఇంజనీరు, గెలలకు మాఱుగా కుర్చీలను వ్రేలాడదీసెను.

దీని పనితీరు సులభము. కొండక్రింద నొక చక్రము, పైన నొక చక్రము. రాట్నమున చక్రమును కదురును చుట్టి దారము తిరుగునట్లు, ఈ రెంటిని చుట్టి ఉక్కుత్రాడు ఎడతెగక తిరుగును. దానిని పట్టుకొన్న పెట్టెలు ఒకవైపున ఎక్కుచు, వేఱొకవైపున దిగుచుండును. త్రాడు సడలకుండ సదా బిగించి యుంచుదురు.

కాని సౌకర్యమే సర్వస్వము గాదు. 2022 ఏప్రిల్ 10న జార్ఖండులో దేవఘర్ చెంతనున్న త్రికూటపర్వతమున రజ్జుమార్గము చెడి, జనులు నడిమింట చిక్కుకొనిరి. హెలికాప్టర్లతో వారిని తీయవలసివచ్చినది. కొందఱు ప్రాణములు గోల్పోయిరి.

కావున భువనగిరి మార్గము సిద్ధమైననాడు, టిక్కెట్టు వెల యెంత యని యడుగుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు. త్రాటిని ప్రతిదినము పరీక్షించువా రెవరు? కరెంటు పోయిన నడుపుటకు వేఱొక యంత్ర మున్నదా? చిక్కినవారిని దింపుటకు నేర్పరు లున్నారా? పెద్దల ప్రశ్న పిన్నలకు రక్ష.