చాక్లెట్‌లోకి మామిడి జీడి

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి టెంకలు గుట్టలుగా పడతాయి. పీచుకు ఇంకా గుజ్జు అంటుకునే ఉంటుంది కాబట్టి త్వరగానే పులిసిన వాసన కొట్టి, ఈగలు ముసురుతాయి. అలాంటి ఒక టెంకను పగలగొట్టి చూడండి. గోధుమరంగు పొర కింద తెల్లటి జీడి కనిపిస్తుంది. ఎండిన జీడిలో నూటికి ఇంచుమించు 10 పాళ్లు కొవ్వు ఉంటుంది. చాక్లెట్ తయారీదారులకు పనికొచ్చే కొవ్వు అది.

చాక్లెట్‌కు ప్రాణం కోకో వెన్న. బయట గట్టిగా ఉంటుంది, నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. ఒంటి వేడి కంటే కాస్త తక్కువలో, 34 డిగ్రీల దగ్గర కరగడమే దాని గొప్ప. కొవ్వు అణువు ఒక్కొక్కదానిలో మూడు కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. కోకో వెన్నలో చాలా అణువులకు నడుమ ఓలియిక్ ఆమ్లం, అటూ ఇటూ స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు అమరి ఉంటాయి. ఒకే తీరు అణువులు కనుక దగ్గరగా పేరుకుని గట్టిపడతాయి, కరిగేటప్పుడు దాదాపు ఒకేసారి కరుగుతాయి. జీడి కొవ్వులోనూ ఇదే అమరిక ఉన్న అణువులు బాగానే ఉన్నాయి. అందుకే కోకో వెన్నతో కలిసిపోతుంది. మామూలు వంటనూనె కలిపితే చాక్లెట్ మెత్తబడిపోతుంది.

అడవిలో కాసే సాల గింజ కొవ్వుదీ ఇదే గుణం. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో రాలిన ఆ గింజలను వానలకు ముందు ఆదివాసీలు ఏరతారు. కోకో వెన్నకు తోడుగా 5 శాతం దాకా కలపదగ్గ ఆరు కొవ్వులను యూరోపియన్ యూనియన్ 2000లో పేరుపేరునా ప్రకటించింది. మామిడి జీడి, సాల, కోకమ్ ఆ ఆరింటిలో ఉన్నాయి. కలిపిన సంగతి పొట్లం మీద రాసి తీరాలి.

చిక్కంతా తడితోనే. తడి జీడిలో కొవ్వు విడిపోయి ఆమ్లాలు పెరుగుతాయి, బూజు పడుతుంది. అలాంటి కొవ్వును శుద్ధి చేయబోతే చాలా భాగం వృథా అవుతుంది. తడిసిన జీడి మనిషికీ ముప్పే. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో జీడి అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారు. బూజే కారణమని అప్పట్లో అన్నారు. ఇంట్లో తిండిగింజలు నిండుకోవడమే అసలు కారణమని నేనంటాను.

కాబట్టి డబ్బు ముందుగా పెట్టాల్సింది నూనె తీసే పెద్ద మిల్లులో కాదు. గుజ్జు ఫ్యాక్టరీ పక్కనే టెంకలు కడిగే తొట్టి, సిమెంటు కళ్లం, టెంక పగలగొట్టే యంత్రం, వాన పడితే కప్పడానికి టార్పాలిన్లు ఉండాలి. సాల గింజలు ఏరే ఊళ్లలోనూ అలాంటి కళ్లమే కావాలి. ఎండిన సరుకుకు పచ్చి సరుకు కంటే ఎక్కువ ధర కట్టి, ఆ తేడాను ఎండబెట్టినవాళ్ల చేతికే ఇవ్వాలి. గింజ ఏరేవాళ్లకు ఒళ్లు వంచి ఎండబెట్టడానికి వేరే కారణమేముంటుంది?