పత్తిచేల నడుమ కంప్యూటరు

గుంటూరు నుండి ఒంగోలు వరకు వ్యాపించిన నల్లరేగడి భూములు పత్తికిని, మిరపకును ప్రసిద్ధములు. కాయ పండి కల్లమునకు చేరినప్పుడు ఇచటి నేల ఎఱ్ఱని దుప్పటి పఱచినట్లు కానవచ్చును. ఈ ప్రాంతపు రైతు యంత్రములకు వెఱచువాడు కాడు. మోట తోలుట మాని ఆయిలు ఇంజనుతో నీరు తోడుకొనెను. ఎద్దులు దున్నిన చేలలోనికి ట్రాక్టరును రానిచ్చెను. పత్తిని జిన్నింగు మిల్లునకు తోలి దూదిని, గింజను వేఱుచేయించెను. అట్టివాడు కంప్యూటరు వచ్చినప్పుడు మాత్రము చాలకాలము సందేహించెను. ఆ సందేహమునకు కారణమేమి? అది ఎంతవరకు తీరినది? ఈ విషయములు తెలిసికొనదగినవి.

ఇంజను చేయు పని కంటికి కనబడును. నీరు కాలువలో పాఱినదో లేదో చూచిన చాలును. కంప్యూటరు చేయు పని కనబడదు. అది లెక్క చేయును. రైతు జీవితములో అప్పు పద్దు, వడ్డీ, పురుగుమందుల కొట్టు బాకీ, మార్కెట్టులో తూకము, కమీషను—ఇవన్నియు ఒరులు వ్రాయు లెక్కలే. తాను చూడని లెక్కను నమ్మి నష్టపడుట ఎట్టిదో అతడెఱుగును. కావున లెక్క చేయు యంత్రమును అనుమానముతో చూచుట వింత కాదు.

కంప్యూటరును గుమాస్తాతో పోల్చవచ్చును. గుమాస్తా యొద్దకు చీటీలు వచ్చును; అతనికి లెక్కకట్టు పద్ధతి తెలిసియుండును; ఫలితమును చిట్టాలో వ్రాసియుంచును. కంప్యూటరునకును ఇట్లే మనమందించు సమాచారము, పనిని వరుసగా తెలుపు ఆదేశములు, జ్ఞాపకముంచుకొను స్థలము ఉండును. ఆ ఆదేశముల వరుసకే ప్రోగ్రామని పేరు. యంత్రము లోపల అంకెలు, అక్షరములు, బొమ్మలు అన్నియు 0, 1 అను రెండే గుర్తులుగా మాఱును. 5 అను సంఖ్యను అది 101గా ఉంచుకొనును. అనగా నాలుగు ఒకటి, రెండు లేదు, ఒకటి ఒకటి. గుమాస్తా అలసినప్పుడు పొరబడును, యంత్రము అలయదు. కాని పది బస్తాల మిరపకు వేయి క్వింటాళ్ల తూకమని వ్రాసియున్నచో గుమాస్తా ఆగి, “ఇదెట్లు?” అని అడుగును. అట్లడుగుమని ముందుగా ఆదేశింపనిచో యంత్రము అడుగదు.

భారతదేశమునకు ఈ యంత్రము మొదట పరిశోధకుల కొఱకు వచ్చెను. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ 1955లో ఇంగ్లండునుండి ఒక కంప్యూటరును తెప్పించెను. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తామే ఒకదానిని నిర్మించి 1960లో పనిలోనికి తెచ్చిరి; టిఫ్రాక్ అనునది దాని పేరు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసెను. ఆనాటి తెలుగు యువకులలో ఈ శాస్త్రమున అందఱికంటె ప్రసిద్ధి పొందినవాడు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు మండలములోని కాటూరున వ్యవసాయ కుటుంబములో జన్మించిన ఆయన, మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విధానముపై కృషిచేసి, 1994లో ఈ శాస్త్రమునకు అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును పొందెను. దానిని పొందిన ఆసియావాసులలో ఆయనయే ప్రథముడు.

పిల్లల చేతికి కంప్యూటరు అందుట ఆలస్యముగా జరిగెను. 1984లో కేంద్ర ప్రభుత్వము ఒక పథకమును ఆరంభించి, దేశములో సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అను చిన్న యంత్రములను తొలుత పంపెను. కోట్లకొలది విద్యార్థులున్న దేశమునకు అవి ఏపాటి? పల్లెటూరి బడిపిల్లలలో పెక్కుమందికి కంప్యూటరు పాఠ్యపుస్తకములోని బొమ్మ మాత్రమే. దానిని ప్రత్యక్షముగా చూచిన బాలబాలికలకు ఆ దినము మఱపురానిది. చెప్పులు గుమ్మము వెలుపల విడువవలెను; యంత్రముపై దుమ్ము పడకుండ గుడ్డ కప్పియుండును; ఒక్క యంత్రము చుట్టును నలుగురైదుగురు నిలిచి తమ వంతుకై ఎదురుచూడవలెను. నల్లని తెరపై ఆకుపచ్చని అక్షరములు వెలువడుచుండగా, తాము నొక్కిన మీటకు యంత్రము బదులిచ్చుట చూచి వారు పొంగిపోయెడివారు. ఇంటికి పోయి చెప్పినచో, “అది అన్నము పెట్టునా?” అని తాత అడిగెడివాడు. ఆ ప్రశ్నలో ఎగతాళికంటె విచారమే ఎక్కువ.

ఆ విచారమునకు హేతువు కలదు. బ్యాంకులలోను, జీవిత బీమా కార్యాలయములలోను పనిచేయు ఉద్యోగులే ఈ యంత్రము తమ కొలువులను మ్రింగునని ఆందోళన చేసియుండిరి. ఒక యంత్రము పదిమంది గుమాస్తాల పని చేసినచో, చదువుకొన్న రైతుబిడ్డకు కొలువెక్కడిది? ఇట్లు తలంచిన కుటుంబముల మనస్సును మార్చినవి రెండు సంగతులు. 1987-88లో తెల్లదోమ విజృంభించి గుంటూరు, ప్రకాశము జిల్లాలలోని పత్తిని నాశనము చేసెను. మందులకై తెచ్చిన అప్పులు తీర్పలేక కొందఱు రైతులు ప్రాణములు విడిచిరి. పిల్లలను సేద్యమునకు వెలుపల నిలబెట్టవలెనను తలంపు అనేక గృహములలో బలపడెను. ఇది మొదటిది. పాత కంప్యూటరు ప్రోగ్రాములు సంవత్సరమును చివరి రెండంకెలతోనే గుర్తించుటచే, 99 తరువాత వచ్చు 00ను అవి 1900గా పొరబడునని లోకమంతయు భయపడెను. వానిని దిద్దుటకు ప్రోగ్రాములు వ్రాయువారు వేలకొలదిగా కావలసివచ్చిరి. ఇది రెండవది.

అంతట గుంటూరు పట్టణములో కంప్యూటరు శిక్షణ కేంద్రములు వెలసెను. హైదరాబాదులోని అమీరుపేట ఇట్టి శిక్షణకు పుట్టినిల్లయ్యెను. పత్తి అమ్మిన సొమ్ము రుసుముగా చెల్లెను. కొన్ని ఇండ్లలో పొలము సైతము తాకట్టుపడెను. కొడుకును పంపినంత సులువుగా కూతురును పంపని ఇండ్లును ఉండెను. పట్నమున ఒంటరిగా ఎట్లుండునని పెద్దలు వెనుకాడిరి. పట్టుపట్టి వెళ్లిన బాలికలు తమ చెల్లెండ్రకు త్రోవ చూపిరి. కాని 2000, 2001 సంవత్సరములలో అమెరికాలోని అనేక కంపెనీలు దెబ్బతినగా, నేర్చినవారిలో పెక్కుమందికి కొలువు దొఱకలేదు. అందఱును ఒకే పంట వేసినప్పుడు ధర పడిపోవునని తెలిసిన రైతునకు ఈ అనుభవము క్రొత్తది కాదు.

కంప్యూటరు నేర్వని పెద్దలకు అది పనికివచ్చినది భూమి పత్రముల విషయములో. పూర్వము దస్తావేజు రిజిస్టరు చేయించినచో దాని నకలును చేతితో గ్రంథములలో వ్రాసెడివారు. పత్రము తిరిగి చేతికి వచ్చుటకు దినములు గడచెడివి. భూమి విలువ ఎట్లు కట్టిరో సామాన్యునకు తెలిసెడిది కాదు. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘కార్డ్’ అను ఏర్పాటుచే 200కు పైగా రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లను నెలకొల్పెను. వ్రాతపని తగ్గెను, విలువ కట్టు విధము వెల్లడి అయ్యెను. ఐనను సర్వే నంబరు తప్పుగా ఎక్కించినచో యంత్రము ఆ తప్పును కూడ ఒప్పువలెనే అందముగా అచ్చువేయును. అందుచే పత్రమును ఒకటికి రెండుమార్లు చదివించుకొను పెద్దల అలవాటు ఇప్పటికిని వ్యర్థము కాలేదు.

మిరప మార్కెట్టులోను ఇదే తీరు. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వము దేశములోని మార్కెట్టులను కంప్యూటరుద్వారా కలుపుటకు ‘ఈ-నామ్’ అను పథకమును ప్రారంభించెను. ఒక ఊరి ధరను మఱియొక ఊరివారు తెలిసికొనుటకు ఇట్టి ఏర్పాటు తోడ్పడును. కాని కాయ ఎంత ఎండినదో, రంగు దిగినదో, తాలుకాయ ఎంత కలిసినదో యంత్రమునకు ఎవరైనను చెప్పవలెను. అనుభవశాలి గుప్పెడు కాయలు తీసి, విఱిచి చూచి చెప్పునట్టి మాట అది. ఆ మాట నిజమైననే తెరపైని ధర నిజమగును.

మఱియొక అడ్డంకి భాష. తొలినాటి యంత్రములు ఇంగ్లీషు అక్షరములనే చూపెడివి. కావున ఇంటిలో బామ్మకు మనుమడే దుబాసి. లోకములోని లిపులన్నిటికిని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించు యూనికోడు 1991లో వెలువడగా, దానిలో తెలుగునకును స్థానము లభించెను. ‘క్ష’ అను అక్షరమును యంత్రము క, పొల్లు, ష అను మూడు సంఖ్యలుగా దాచుకొని, తెరపై ఒక్కటిగా కూర్చి చూపును. ఈ ఏర్పాటు చేతనే నేడు పొలము గట్టున నిలిచిన రైతు సెల్ ఫోనులో వానకబురును, ధరను తెలుగులో చదువుకొనుచున్నాడు.

“అది అన్నము పెట్టునా?” అను ప్రశ్నకు కాలము బదులు చెప్పినది: కొందఱికి పెట్టినది, కొందఱికి పెట్టలేదు. “ఈ లెక్క ఎవరు వేసిరి? నేను చూడవచ్చునా?” అను రెండవ ప్రశ్న మాత్రము ఇంకను నిలిచియున్నది. నేడు యంత్రములు వ్యాసములు వ్రాయుచున్నవి, బొమ్మలు గీయుచున్నవి. అప్పు ఎవరికి ఈయవచ్చునో సైతము సూచించుచున్నవి. వానిని వాడుట నేర్చిన పిల్లలు, అవి ఇచ్చిన బదులును కాగితముపై సరిచూచుకొనుట కూడ నేర్వవలెను. కల్లములో తూచిన బస్తాను మార్కెట్టులో మఱల తూయించిన రైతు ఏనాడో ఆచరించిన పద్ధతి ఇది.