బొమ్మల్లో సీజర్ యుద్ధం.. మాటలు మాత్రం లాటిన్‌లోనే

లాటిన్ ఇవాళ ఏ ఇంట్లోనూ మాట్లాడుకునే భాష కాదు. కానీ యూరప్ బళ్లలో ఇంకా చదువుతున్నారు. అక్కడి పిల్లలకు తరతరాలుగా చెప్తున్న పాఠం, జూలియస్ సీజర్ స్వయంగా రాసుకున్న గాల్ యుద్ధాల కథ. (ఉర్దూలో చక్రవర్తిని ‘ఖైసర్’ అంటాం కదా, ఆ మాట ఈ సీజర్ పేరు నుంచి వచ్చిందే.) అందులోని మొదటి యుద్ధాన్ని జర్మనీలో కార్టూన్ పుస్తకంగా తెచ్చారు. పేరు ‘బెల్లుమ్ హెల్వెటికుమ్’. బొమ్మలు వాల్టర్ ష్మిడ్‌వి. లాటిన్ మాటలు కూర్చింది కార్ల్-హైంజ్ ఫాన్ రోటెన్‌బర్గ్. ఆస్టెరిక్స్ కామిక్‌లను లాటిన్‌లోకి మార్చిందీ ఈయనే.

కథ క్రీ.పూ. 58 నాటిది. ఇప్పటి స్విట్జర్లాండ్‌లో ఉండే హెల్వెటీ తెగ పడమటికి వలస బయల్దేరింది. మళ్లీ వెనక్కి రావాలన్న ఆశ ఎవరికీ మిగలకూడదని తమ 12 పట్టణాలు, 400 ఊళ్లు తామే తగలబెట్టుకున్నారు. సీజర్ జెనీవా దగ్గర వంతెన కూల్చి, 19 మైళ్ల పొడవున గోడ కట్టించాడు. వాళ్లు వేరే దారి పట్టారు. చివరికి బిబ్రక్తె దగ్గర ఓడిపోయారు.

పిల్లలకు అసలు చిక్కు యుద్ధం కాదు, వ్యాకరణం. సీజర్ ఎవరి మాటనూ నేరుగా చెప్పనివ్వడు, ఎక్కువగా ‘ఫలానా వాడు ఇలా అన్నాడు’ అనే ధోరణిలోనే రాస్తాడు. తెలుగులో ‘వస్తానన్నాడు’ అంటే పనైపోతుంది. లాటిన్‌లో అలా చెప్పాలంటే కర్త రూపమూ మారాలి, క్రియ రూపమూ మారాలి. పేజీ నిండా అదే ఉంటే తల తిరిగిపోతుంది. కార్టూన్‌లో మాట మనిషి నోటి పక్క బుడగలోకి వస్తుంది కాబట్టి ఆ గొడవ తగ్గుతుంది. బందీలను అడిగిన సీజర్‌తో, తీసుకోవడమే గానీ ఇవ్వడం మా వంశంలో లేదని ముసలి దివికో అనే ఘట్టం ఇలాంటి బుడగకు సరిగ్గా సరిపోతుంది.

అయితే బొమ్మలున్నా కథ చెప్పేది గెలిచినవాడే. బయల్దేరింది 3,68,000 మంది, ఇల్లు చేరింది 1,10,000 మంది అన్న లెక్క సీజర్ రాసిందే. చరిత్రకారుల్లో చాలామంది దాన్ని నమ్మరు. పైగా తన గురించి కూడా ‘సీజర్ ఇలా చేశాడు’ అంటూ ఎవరో మూడో మనిషిలా రాసుకున్నాడు, దాంతో అదంతా సాక్ష్యంలా వినిపిస్తుంది. బొమ్మలో ఆ ముసుగు నిలవదు, సీజర్ కూడా అందరిలో ఒక మనిషిగా కనపడాల్సిందే.

బిబ్రక్తెలో ఆఖరి పోరు హెల్వెటీల బండ్ల దగ్గరే, రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. వాళ్ల నాయకుడు ఒర్గెటోరిక్స్ కూతురు, ఒక కొడుకు అక్కడే పట్టుబడ్డారు. బతికినవాళ్లలో ఎక్కువమందిని సీజర్ పాత చోటికే పంపేశాడు. ఖాళీగా ఉంటే జర్మన్ తెగలు ఆక్రమిస్తాయని అతని భయం. తగలబెట్టుకున్న ఊళ్లను మళ్లీ మీరే కట్టుకోండని ఆజ్ఞ కూడా ఇచ్చాడు.