కొండ, ఎండ, ఎదురుగాలి

గత వేసవిలో ఒక సాయంకాలం మా కళాశాల ఆటస్థలంలో పరుగు ముగించి వేపచెట్టు క్రింద కూర్చున్నప్పుడు ఒక విద్యార్థి మమ్మల్ని ఇట్లా ప్రశ్నించాడు: “అంత డబ్బు ఖర్చు పెట్టి, సముద్రాలు దాటి వెళ్ళి, అన్నిటికంటె కష్టమైన పందెంలోనే పాల్గొనడం ఎందుకు సార్? చదునైన నేలమీద, చల్లని ప్రదేశాలలో జరిగే పందేలు లేవా?” ప్రశ్న సమంజసమైనది. ఆనాడు మేము తడుముకొని చెప్పిన సమాధానం మాకే తృప్తి కలిగించలేదు. ఆ లోటు పూరించుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ట్రయాథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు మూడింటిని విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటిగా పూర్తి చేసే పందెం. ఇందులో దీర్ఘదూరపు రూపాన్ని ఐరన్‌మాన్ అంటారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు ప్రయాణం, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు దాని కొలత. ఇది 1978లో హవాయి దీవులలోని ఒఆహులో ఆరంభమైనది. ఆనాడు బరిలో దిగినవారు 15 మంది. గమ్యం చేరినవారు 12 మంది. 1981లో ఈ పందెం అదే దీవులలో పెద్దదైన హవాయి ద్వీపానికి, నల్లని లావా మైదానాల నడుమకు తరలిపోయింది. కఠినమైన ప్రకృతికి, ఈ పందేనికి నాటినుండి విడదీయరాని బంధం ఏర్పడింది.

ఆ బంధానికి ఐరోపాలో మంచి ఉదాహరణ లాంజరోటే. స్పెయిన్ దేశానికి చెందిన కానరీ దీవులలో ఇది ఒకటి. ఆఫ్రికా తీరానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్నది. 1730 నుండి 1736 వరకు ఇక్కడి అగ్నిపర్వతాలు ఆరేళ్ళపాటు నిప్పులు క్రక్కి, గ్రామాలను, పంటపొలాలను లావా క్రింద పూడ్చివేశాయి. నేటికీ అక్కడ చెట్టు నీడ అరుదు. వాన మరీ అరుదు. ఇటువంటి నేలమీద 1992లో ఐరన్‌మాన్ పందెం మొదలైనది. లోకంలోని క్లిష్టమైన పందేలలో ఒకటిగా దానికి పేరు వచ్చింది. ఆ క్లిష్టతకు కారణాలు మూడు: కొండ, ఎండ, గాలి. ఒక్కొక్కదానిని విచారింతము.

మొదటిది కొండ. ఈ ద్వీపంలో మహాపర్వతాలు లేవు. అత్యున్నత శిఖరం సైతం 700 మీటర్లకు లోపే. అయినను సైకిలు మార్గం మాటిమాటికి ఎక్కి దిగుతూ పోతుంది గనుక, మొత్తం ఎక్కవలసిన ఎత్తు సుమారు 2500 మీటర్లు అవుతుంది. చార్మినారు ఎత్తు దాదాపు 56 మీటర్లు. అనగా సైకిలు మీద కూర్చొని 45 చార్మినార్లు ఎక్కినట్లు లెక్క. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు తూగితే, కేవలం ఈ ఎత్తు ఎక్కడానికే శరీరం సుమారు 2000 కిలోకాలరీల ఆహారశక్తిని ఖర్చు చేయాలి. చదును నేలమీద ప్రయాణానికి అయ్యే వ్యయం దీనికి అదనం. ఎక్కుడులో తొందరపడి బలమంతా వెచ్చించినవాడు దిగుడులో ఆ బలాన్ని తిరిగి పొందలేడు. ఆ అప్పు పరుగులో తీర్చవలసి వస్తుంది.

రెండవది ఎండ. మే నెలలో లాంజరోటేలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీల ప్రాంతం. మే నెలలో 40 డిగ్రీలు చూసే దక్కను వాసులకు ఇది విని నవ్వు రావచ్చును. కాని నవ్వరాదు. కండరాలు పనిచేసేటప్పుడు వాడే శక్తిలో సుమారు ముప్పాతిక భాగం వేడిగా మారుతుంది. పన్నెండు, పదిహేను గంటలు శ్రమించే దేహం తానే ఒక కొలిమి. పైన నీడ లేని ఆకాశం, క్రింద నల్లని నేల. సహారా ఎడారి నుండి ‘కలీమా’ అనే ధూళిగాలి వీచిన రోజున ఉష్ణోగ్రత 30 డిగ్రీలను దాటిపోతుంది.

మూడవది గాలి. ఈశాన్యం నుండి వీచే వ్యాపార పవనాలు ఈ ద్వీపాన్ని విడిచిపెట్టవు. ఎదురుగాలిలో కొండకు ఉన్న దయ కూడా ఉండదు. కొండకు శిఖరం ఉన్నది, గాలికి లేదు. ఇందులో మరొక మోసం కలదు. సైకిలు మీద గాలి చెమటను వెంటనే ఆర్చివేస్తుంది కనుక, ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. పరుగు మొదలై వేగం తగ్గగానే ఎండ దెబ్బ ఒక్కసారిగా తెలుస్తుంది.

ఈ మూడూ తెలిసిన పిమ్మట, ఇటువంటి పందెం ఎన్నుకొనేవాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న “ఇది గొప్ప పందెమేనా?” అని కాదు. “ఈ పందెం అడిగే దానిని నేను ఇంటివద్ద సంపాదించుకొనగలనా?” అని. మన ప్రాంతపు యువకునికి ఇందులో కొంత అనుకూలం, కొంత ప్రతికూలం ఉన్నవి.

వేడికి శరీరం అలవాటుపడగలదు. వరుసగా పది, పద్నాలుగు రోజులు వేడిలో మితంగా వ్యాయామం చేస్తే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది; చెమట త్వరగా పడుతుంది; ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. అభ్యాసం మానివేస్తే కొద్ది వారాలలో ఈ లాభం హరించిపోతుంది. మనలో చాలమంది తెల్లవారుజామున ఐదు గంటలకు పరుగెత్తి, పగలంతా పంకా క్రింద గడిపి, తాము ఎండకు ఆరితేరినవారమని భ్రమపడతారు. ఎండ దేశంలో పుట్టడం వేరు, ఎండలో శ్రమించడం వేరు. అయితే దీనిని సాకుగా తీసుకొని నడిమి వేసవి మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం మూర్ఖత్వం. వడదెబ్బ ప్రాణం తీస్తుంది. ఉదయం ఎనిమిది గంటలకు అరగంటతో మొదలుపెట్టి, తోడు మనిషిని పెట్టుకొని, కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపి, నీడకు చేరి, ఒంటిమీద చల్లని నీరు పోయించుకొని, ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. దాహానికి మించి వట్టి నీరు అదేపనిగా త్రాగడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలుచబడి స్పృహ తప్పవచ్చును.

కొండల అభ్యాసానికి వికారాబాదు దగ్గర అనంతగిరి ఉన్నది. విశాఖ నుండి అరకు పోయే ఘాటు రోడ్డు ఉన్నది. ప్రతికూలమైనది ఈత. మనలో అనేకులకు ఈత రాదు. వచ్చినవారికి కొలనే తప్ప సముద్రం తెలియదు. మే నెలలో అక్కడి సముద్రజలం 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. రబ్బరు ఈతదుస్తులు తొడుగుకోవాలి. వందలమంది ఒకేసారి నీటిలో దిగినప్పుడు కాళ్ళు చేతులు తగులుతాయి. ఇది పుస్తకం చదివి నేర్చే విద్య కాదు.

ఇక ఖర్చు. పందెపు రుసుము మొదటి మెట్టు మాత్రమే. వీసా, విమాన ప్రయాణం, పెట్టెలో సర్దిన సైకిలుకు అదనపు రుసుము, బస, భోజనం కలిపితే ఒక మధ్యతరగతి కుటుంబం ఏడాది పొడవునా కూడబెట్టినంత కావచ్చును. దానికంటె పెద్ద ఖర్చు కాలం. వారానికి పదిహేను గంటల అభ్యాసం నెలల తరబడి చేయాలంటే ఆ గంటలు చదువు నుండియో, ఇంటివారి నుండియో తీసుకున్నవే. వారిని అడిగి తీసుకోవడం ధర్మం. కనుక తొలి అడుగు దూరదేశంలో వేయనక్కరలేదు. గోవాలో 2019లో ఇందులో సగం దూరపు పందెం ఆరంభమైనది. ఆ తీరపు వేడిని, ఉక్కను సగం దూరంలో ఎరిగిన తరువాత పూర్తి దూరం సంగతి ఆలోచించవచ్చును.

1982లో హవాయి పందెంలో జూలీ మాస్ అనే విద్యార్థిని మహిళలలో ముందంజలో ఉండి, గమ్యానికి కొద్ది దూరంలో కాళ్ళు సత్తువ కోల్పోయి కూలిపోయింది. వేరొక యువతి ఆమెను దాటిపోయింది. అయినా ఆమె చేతులమీద ప్రాకి రెండవ స్థానంలో గీత దాటింది. ఆ దృశ్యాన్ని దూరదర్శినిలో చూసి ఎందరో ఈ క్రీడలోకి వచ్చారు. మేమూ ఆ ధైర్యానికి నమస్కరిస్తాము. కాని మన విద్యార్థులు దానినుండి ప్రాకడం నేర్చుకోవాలని మా అభిప్రాయం కాదు. గమ్యం వంద గజాలలో ఉన్నను, వైద్యుడు ఆపమంటే ఆగడం కూడా ధైర్యమే.

లాంజరోటేలో లా హేరియా అనే ప్రాంతం ఉన్నది. లావా బూడిద కప్పిన ఆ నేలమీద రైతులు గోతులు త్రవ్వి, ఒక్కొక్క గోతిలో ఒక్కొక్క ద్రాక్షతీగ నాటి, గాలి వచ్చే దిక్కున అర్ధచంద్రాకారంగా రాళ్ళగోడ కట్టారు. బూడిద చెమ్మను పట్టి ఉంచి తీగను బ్రతికిస్తుంది. తమ పొలాలను పూడ్చిన బూడిదనే వారు పంటకు పనికి తెచ్చుకున్నారు. గాలిని ఆపలేదు, దాని దిక్కు తెలుసుకొని గోడ కట్టారు.

ఆ సాయంకాలపు ప్రశ్నకు ఇప్పుడు మా సమాధానం ఇది. కఠినమైన పందెం ఎన్నుకొనేది కష్టంమీద మోజుతో కాదు. చదునైన మార్గంలో మన లోపాలను కొంతకాలం దాచుకొనవచ్చును. కొండ, ఎండ, ఎదురుగాలి వాటిని దాచనీయవు. ఆ లోపాలను ముందుగానే తెలుసుకొని, ఒక ఏడాదిపాటు ఓపికగా గోడ కట్టుకొనగలవాడు వెళ్ళవచ్చును. అంత సిద్ధంకాని వాడు మరుసటి ఏడు వెళ్ళవచ్చును. కొండ అక్కడనే ఉంటుంది.