పాత రేకు పగిలితే ఊపిరితిత్తులకు ముప్పు
కూల్చివేతకు ముందు పరీక్ష అడిగే నిబంధన లేదు.. జాగ్రత్తే రక్ష

అమలాపురం: కోనసీమలో పాత ఇల్లు తీసి డాబా వేసుకోవడం పరిపాటి అయింది. ఒకప్పుడు తాటాకు పాకల స్థానంలో వచ్చిన సిమెంటు రేకుల ఇళ్లు, వసారాలు, పశువుల శాలలు ఇప్పుడు కూల్చివేతకు వస్తున్నాయి. పలుగుతో ఒక్క పోటు పొడిస్తే రేకు ముక్కలవుతుంది, పని త్వరగా తెములుతుంది. అయితే అప్పుడు లేచే దుమ్ము కూలీలకే కాక ఇంటివారికీ, ఇరుగుపొరుగుకూ ప్రమాదకరం.

రేకులో ఏముంది?

సిమెంటు రేకులుగా పిలిచేవాటిలో అధిక భాగం ఆస్బెస్టాస్ కలిపి చేసినవే. దీనినే తెలుగులో రాతినార అంటారు. రేకు బరువులో ఇది సుమారు పదో వంతు ఉంటుంది. మిగిలినది ప్రధానంగా సిమెంటు. ఎండకు, వానకు తట్టుకోవడం, ధర అందుబాటులో ఉండడంతో పల్లెల్లో ఈ రేకులు విస్తరించాయి.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కోసినా, పగులగొట్టినా, నాచు పోవడానికి ఇనుప బ్రష్షుతో గీకినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. ఊపిరితో లోపలికి చేరిన ఈ పోగులు ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా అనే మరో క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఈ వ్యాధులు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. యౌవనంలో కప్పులు విప్పిన కూలీ, వార్ధక్యంలో వచ్చిన ఆయాసానికి ఆనాటి దుమ్మే కారణమని ఊహించలేడు. ఆస్బెస్టాస్‌లో అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పనిచేసే చోట దీని బారిన పడి ప్రపంచవ్యాప్తంగా ఏటా 2 లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ఆ సంస్థ అంచనా.

అక్కడ తప్పనిసరి.. ఇక్కడ లేదు

బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. అయినా పాత భవనాల్లో అది మిగిలే ఉన్నందున, కూల్చే ముందు సర్వే జరిపించాలి. అమెరికాలో పెద్ద భవనాల కూల్చివేతకు ముందు తనిఖీ తప్పనిసరి. అక్కడి పలు ప్రాంతాల్లో సాధారణ ఇళ్లకూ ఈ షరతు ఉంది.

మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకంపై పూర్తి నిషేధం లేదు. కార్మికుల ఆరోగ్య హక్కు జీవించే హక్కులో భాగమేనని 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చి, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. అయితే ఆ ఆదేశాలు కర్మాగారాలకు, గనులకు సంబంధించినవి. ఊళ్లో రోజుకూలికి కప్పు విప్పేవారికి అటువంటి రికార్డు ఉండదు. ఇల్లు కూల్చే ముందు ఆస్బెస్టాస్ పరీక్ష జరిపించాలన్న నిబంధన కూడా మన రాష్ట్రంలో లేదు.

విప్పే తీరు ఇదీ

రేకులో ఆస్బెస్టాస్ ఉన్నదీ లేనిదీ చూపుతో చెప్పలేము. ఆస్బెస్టాస్ లేని రేకులూ అదే రూపంలో వస్తున్నాయి. ప్రయోగశాలలో ప్రత్యేక సూక్ష్మదర్శినితో పరిశీలిస్తేనే తేలుతుంది. పరీక్ష వీలుకానప్పుడు పాత రేకులన్నిటిలో అది ఉన్నదనే భావించడం క్షేమం.

పనికి ముందు రేకులను నీటితో బాగా తడపాలి. కొక్కేల బోల్టులు ఊడదీసి రేకును నిండుగా దించాలి. పైనుంచి విసరరాదు, మరయంత్రంతో కోయరాదు. పాత రేకు మనిషి బరువుకు విరిగిపోతుంది కనుక దానిపై నేరుగా కాలు మోపకుండా, దూలాలపై ఆనేలా పలకలు పరచుకోవాలి. ముఖానికి తువ్వాలు చాలదు. ఆస్బెస్టాస్ పోగులను ఆపగల మాస్కు ధరించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. పొడిగా ఊడ్వకుండా తడిపి ఎత్తాలి. పనిబట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు.

ముక్కలు ఎక్కడ వేయాలి?

పగిలిన రేకులను పుంతరోడ్ల గుంతల్లో, కాలువగట్లపై పోయడం వల్ల ప్రమాదం తొలగదు. బండ్ల చక్రాల కింద నలిగి మళ్లీ దుమ్మవుతాయి. తడిపిన ముక్కలను చిరగని సంచుల్లో మూటగట్టి, పంచాయతీ లేదా మున్సిపల్ సిబ్బందికి తెలిపి, వారు చూపిన చోటికే తరలించాలి. తుపానుకు ఎగిరిపడిన రేకులకూ ఇదే వర్తిస్తుంది. 1996 నవంబరు నాటి పెనుతుపానును చూసిన కోనసీమకు కప్పులు లేచిపోవడం కొత్త కాదు. గాలి తగ్గగానే చీపురు పట్టకుండా, ముందుగా నీళ్లు చల్లి ముక్కలు ఏరడం మేలు.