మోటారు సైకిలు వెనుకచక్రమున వదులును, శబ్దమును

మోటారు సైకిలు వెనుకభాగమునుండి ఏదేని శబ్దము వినవచ్చిన తోడనే మనవారు చేయు మొదటి పని చైను బిగించుట. తప్పు చైనుదైనను కాకున్నను శిక్ష దానికే. ఇది సరియైన పద్ధతి కాదని మా యభిప్రాయము. వదులు ఏ కీలునందున్నదో యెఱుగక చైనును మితిమీఱ బిగించినచో గేరుపెట్టె బేరింగులును, చక్రపు బేరింగులును త్వరలోనే చెడును. చైను తెగి చక్రమునకు జుట్టుకొన్నచో బండి పడిపోవును. మన పిల్లలలో పెక్కండ్రు తండ్రుల వెనుక గూర్చుండి బడికి వచ్చుచున్నారు గనుక ఈ విషయమును గూర్చి కొంత వ్రాయుచున్నాము.

గేరుపెట్టె చెంతనున్న చిన్న స్ప్రాకెట్టు చైనును లాగును. చైను వెనుకనున్న పెద్ద స్ప్రాకెట్టును ద్రిప్పును. ఆ పెద్ద స్ప్రాకెట్టు పెక్కు బండ్లలో చక్రమునకు నేరుగా బిగింపబడి యుండదు. నడుమ కొన్ని రబ్బరు ముక్కలుండును. మెకానికులు వీనిని కప్లింగు రబ్బర్లందురు. ఇంజను బలము ఎడతెగని ధారవలె గాక దెబ్బదెబ్బగా వచ్చును. ఆ దెబ్బలను మ్రింగుటయే రబ్బర్ల పని. అవి యరిగినప్పుడు యాక్సిలరేటరు త్రిప్పినను, వదలినను వెనుక “టక్కు” మనును. చైను ఎంత బిగించినను ఈ శబ్దము పోదు. క్రొత్త చైను, స్ప్రాకెట్లు కొని వేయించినను పోదు. వ్యర్థమైన ఖర్చు మాత్రము మిగులును.

పరీక్షకు బండిని చదునైన నేలపై సెంటరు స్టాండు వేసి, ఇంజను ఆపవలెను. ఇంజను నడచుచుండగా చైను దగ్గఱకు చేయి పోనీయరాదు, వ్రేళ్లు తెగును. పిల్లలు ఈ పనిని పెద్దల యెదుటనే చేయవలెను.

బండిని గేరులో నుంచి చక్రమును చేతితో కొంచెము ముందునకును వెనుకకును కదపుడు. కన్ను పెద్ద స్ప్రాకెట్టుపై నుండవలెను. స్ప్రాకెట్టు నిలిచియుండగా చక్రము మాత్రము చాల దూరము కదలి తగిలినచో దోషము రబ్బర్లదే. స్వల్పమైన కదలిక సహజము. స్ప్రాకెట్టే ప్రక్కలకు ఊగినచో దానిని మోయు బేరింగును చూడవలెను.

పిదప న్యూట్రలులో నుంచి, ఇరుసు నట్టు బిగువుగా నున్నదని చూచుకొని, టైరును పైనను క్రిందను పట్టి ప్రక్కలకు ఊపుడు. చక్రము మాత్రమే లొటలొటలాడినచో బేరింగులు అరిగినవి. ఇట్టి బండి వేగముతోబాటు హెచ్చు గరగర ధ్వని చేయును. స్వింగ్ ఆర్మ్ కూడ వెంట ఊగినచో దాని బుష్షులు పోయినవి. బేరింగు వదులైనప్పుడు బండి నెక్కి తిరుగుట ప్రమాదము.

ఇక చైను. రోలరు చైనును 1880లో మాంచెస్టరునందు హాన్స్ రెనాల్డ్ నిర్మించెను. చైను సాగినదని మనమందుము గాని నిజమునకు ఇనుము సాగుట కాదు. ప్రతి కీలులోని పిన్నును, దాని చుట్టునున్న బుష్షును అరుగుచున్నవి. కీలొక్కటికి మిల్లీమీటరులో పదియవవంతు అరిగినను, 100 కీళ్లకు 10 మిల్లీమీటర్ల పొడవు పెరుగును. అరమంగుళపు కీళ్ల చైనులో 20 కీళ్ల పొడవు క్రొత్తగా నున్నప్పుడు 254 మిల్లీమీటర్లు. అది 259 చేరినచో చైనును మార్పవలెను. స్ప్రాకెట్టు పండ్లు ఒకవైపునకు వంగి కొక్కెములవలె నున్నచో వానిని కూడ మార్పవలెను. పాత పండ్లపై క్రొత్త చైను శీఘ్రముగా చెడును. వాడి తీసివేసిన ఇంజను నూనెను చైనుపై పోయు నలవాటు మన యూళ్లలో కలదు. అందలి మసియు లోహపు రజనును కీళ్లకు మేలు చేయవు.

చైను ఒకచోట వదులుగాను, వేఱొకచోట బిగువుగాను ఉండవచ్చును. కావున చక్రమును మెల్లగా త్రిప్పుచు నాలుగైదు చోట్ల క్రింది చైనును పైకిని క్రిందికిని కదపి చూచి, మిక్కిలి బిగువైన చోటనే కొలత తీసికొనవలెను. చిన్న బండ్లకు సాధారణముగా 25 మొదలు 30 మిల్లీమీటర్ల కదలిక చాలును. అయినను బండితో నిచ్చిన పుస్తకమునందలి కొలతయే ప్రమాణము.