ఒకే యింట వ్యాధిభేదము

2020లో కోవిడు వ్యాపించినపుడు ఒకే యింట అన్నకు జలుబుతో తీరి తమ్మునికి ప్రాణముమీదకు వచ్చుట యేలయని, అది వంశదోషమా యని తలిదండ్రులు కొందరు మమ్మడిగిరి. వయస్సు, మధుమేహము మొదలగునవి ముఖ్యకారణములే. జన్యుభేదమును కొంత కలదు. మూడవ క్రోమోజోమున వ్యాధినిరోధక జన్యువులు కొన్ని గుంపుగా నున్నవి. అచ్చట నొక రూపాంతరము గలవారికి కోవిడు తీవ్రమగు నవకాశ మధికమని 2020లో తేలినది. అది నియాండర్తాలు మానవులనుండి వచ్చినదని జెబెర్గు, పేబో పండితులు కనుగొనిరి. ఐరోపాలో సుమారు 16, దక్షిణాసియాలో సుమారు 50 శాతము మందికి గలదు. తలిదండ్రులలో నొకరికున్నను బిడ్డలందరకు రావలెనని లేదు. అందువలన తోబుట్టువులలోనే భేదము కలుగును. చిత్రమేమనగా, ఆ రూపాంతరమే హెచ్.ఐ.వి. సోకు నవకాశమును సుమారు 27 శాతము తగ్గించునని 2022లో జెబెర్గు చూపెను. మనలో సగముమందికి గలదానిని వంశదోషమని మేమెట్లనగలము? అది గలవారిలోను పెక్కుమంది కోలుకొనిరి.